ఒక్కసారి ఎత్తు బావా!

2022 వేసవి. ఉదయగిరి బస్టాండు దాటాక కొండకు ఎదురుగా పోయే వీధిలో ఒక చిన్న నర్సింగ్ హోం ఉండేది. పది మంచాలు, ఒక డాక్టరమ్మ, ఎండకు రంగు వెలిసిన ఒక అంబులెన్సు, దాన్ని నడపడానికి శీనయ్య. నేను అక్కడ హెడ్ నర్సుని. పేరు మార్త, సొంతూరు సంగం. నాకు నోరెక్కువని పేషెంట్లు అనేవాళ్ళు, చెవులెక్కువని డాక్టరమ్మ అనేది. రెండూ నిజమే. వార్డు ఈ చివర నిలబడి ఆ చివర ఎవరు దగ్గుతున్నారో, ఎవరి అత్తగారు నన్ను తిట్టుకుంటోందో చెప్పగలను.

ఆ చెవులు పుట్టుకతో వచ్చినవి కావు. నర్సింగ్ చదివే రోజుల్లో హాస్టల్ పిల్లలమంతా చర్చి క్వయర్‌లో, అంటే బృందగానంలో, పాడి తీరాలి. డేవిడ్ మాస్టరని ఒక బక్కపలచటి మనిషి హార్మోనియం ముందు కూర్చుని మమ్మల్ని ఏడిపించేవాడు. పాట కాగితం మీద స్వరాల కింద ఒక గుర్తు ఉండేది. ఎడమ వైపు నోరు తెరుచుకుని, కుడి వైపుకు పోనుపోను మూసుకుపోయే రెండు గీతలు. దాన్ని డిమినుయెండో అంటారు. గొంతును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోవాలని దాని అర్థం. ఇదేం పెద్ద పనని మేం అనుకున్నాం. గట్టిగా పాడటం కష్టం గానీ తగ్గించడానికేముంది? చరణం చివరికొచ్చేసరికి ఊపిరి చాలక మా గొంతులు వాటంతట అవే తగ్గిపోయేవి. మాస్టరు హార్మోనియం ఆపి, "ఏదీ, అక్కణ్ణుంచే మళ్ళీ పెంచు" అనేవాడు. పెంచలేక నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళం. "అయితే నువ్వు తగ్గించలేదమ్మాయ్, అయిపోయావు" అనేవాడు. ఆ మాట నాకు భక్తితో గుర్తుండలేదు, ఆయన మీద కోపంతో గుర్తుండిపోయింది.

ఇక అసలు సంగతి. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం నేను క్యారియరు మూత తీస్తుంటే వీధిలోంచి పిల్లికూతలు వినిపించాయి. మా భాషలో దాన్ని వీజ్ అంటాం. ఊపిరి గొట్టాలు ఇరుకైపోయినప్పుడు, వాటిలోంచి బయటపడటానికి గాలి చేసే ఈల అది. మామూలుగా స్టెతస్కోపు పెడితేనే వినబడుతుంది. ఆ రోజు ఆటో గుమ్మం ముందు ఆగకముందే వినబడింది. క్యారియరు మూత పెట్టేసి లేచాను.

ఆటోలోంచి దిగిన మనిషి పేరు మస్తానయ్య. యాభై అయిదు దాటి ఉంటాయి. వెడల్పాటి ఛాతీ, భుజం మీద జరీ కండువా. మంచం మీద పడుకోమంటే పడుకోలేక, రెండు చేతులూ ముందుకు ఆనించుకుని కూర్చున్నాడు. వెంట వచ్చినవాడు ఆయన భార్య తమ్ముడు దస్తగిరి. వాళ్ళది వరికుంటపాడు వైపు ఒక పల్లె. ఆ ఊరి వేణుగోపాలస్వామి గుడిలో సన్నాయి సేవ తాతల నాటి నుంచీ ఆ ముస్లింల ఇంటిదే. బావ సన్నాయి, బావమరిది డోలు. దస్తగిరి కుడిచేతి వేళ్ళకు డోలు వాయించే తొడుగులు ఇంకా అలాగే ఉన్నాయి.

"తిరునాళ్ళు నడస్తన్నయ్ సిస్టరమ్మా. వారం నించీ ఊరేగింపుల్లో కాగడాల పొగంతా మింగినాడు. ఈ రాత్రికి పవళింపు సేవ ఉండాది. పొద్దుగూకేలోపల పంపించెయ్యండి" అన్నాడు దస్తగిరి.

"ఉబ్బసం ఎన్నాళ్ళుగా? పంపు వాడుతున్నాడా?" అని అడిగాను. పంపు అంటే ఇన్‌హేలర్. మా వైపు అందరూ పంపనే అంటారు.

"ఇంట్లో ఉండాది గానీ వాడడు. అది పీలిస్తే నాలిక మొద్దుబారి, నోట్లో సన్నాయి పీక మీద పట్టు పోతాదంట."

"పీక మీద పట్టు సరే, ప్రాణం మీద పట్టు అక్కర్లేదా?" అని కసిరాను. మస్తానయ్య నా వైపు చూసి నవ్వబోయాడు. ఆ నవ్వుకు కూడా ఊపిరి సరిపోలేదు.

ఉబ్బసం ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి మాకు ఒక లెక్క ఉంది. మనిషి మాట వినాలి. ఒక వాక్యం మొత్తం చెప్పగలిగితే పర్లేదు. నాలుగేసి మాటల దగ్గర ఆగుతుంటే జాగ్రత్తపడాలి. ఒక్కొక్క మాటగా వస్తుంటే పరుగెత్తాలి. మస్తానయ్య "రాత్రికి... నేను... పోవాల" అన్నాడు. ఆ మూడు మాటలకు మూడు దమ్ములు తీసుకున్నాడు.

డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టించింది. సూది మందు ఇచ్చింది. మందును ఆవిరిలా మార్చి ముక్కుకు అందించే నెబ్యులైజర్ ఒకదాని వెంట ఒకటి పెట్టాం. తగ్గలేదు. లోపలి గదిలో ఒక కాన్పు నడుస్తోంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "మార్తా, ఈయనకి గొంతులోకి ట్యూబు వేయాల్సి రావచ్చు, మన దగ్గర ఆ సదుపాయం లేదు. ఆత్మకూరు ఆస్పత్రికి ఫోన్ చేశాను, రెడీగా ఉంటారు. కాన్పు వదిలి నేను రాలేను. నువ్వు పో" అంది.

అంబులెన్సు కదిలింది. వెనక మస్తానయ్య స్ట్రెచర్ మీద వీపుకు దిండ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక పక్క నేను, ఎదురుగా దస్తగిరి. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. పిల్లికూతలు బండి ఇంజను శబ్దాన్ని మించి వినిపిస్తున్నాయి. ఊరు దాటకముందే గుడి ధర్మకర్త దస్తగిరికి ఫోన్ చేశాడు. "వచ్చేస్తాం సామీ, ఎట్టయినా వచ్చేస్తాం" అని దస్తగిరి మాటిచ్చాడు. ఆ తర్వాత గుట్టల మధ్య సిగ్నల్ పోయింది.

భయాన్ని మరిపించుకోవడానికేమో, దస్తగిరి నాకు పవళింపు సేవ గురించి చెప్పసాగాడు. తిరునాళ్ళ ఆఖరు రాత్రి స్వామిని నిద్రపుచ్చే సేవ అది. దానికి మస్తానయ్య సన్నాయి మీద జోల వాయిస్తాడట.

"తగ్గిచ్చుకుంటా, తగ్గిచ్చుకుంటా పోతాడమ్మా. గుళ్ళో పిల్లోళ్ళు గూడా కిక్కురుమనరు. అది యాడ ఆగిందో ఒక్కరికీ తెలవదు. పక్కన డోలు మీద వేలు ఆనించుకోని కూసోనుంటానే, నాకే తెలవదు. దీపం వత్తి చిన్నది చేసినట్టు చేస్తాడు. ఆ పని మా ఇంట్లో ఆయనకి తప్ప ఎవరికీ రాలా."

అలా మాట్లాడుతున్నవాడు హఠాత్తుగా ఆగి, తల ఒక పక్కకు వంచి విన్నాడు. నేనూ విన్నాను. పిల్లికూతలు తగ్గుతున్నాయి. ఇంజను శబ్దం కంటే కిందికి దిగాయి. ఇంకాస్త దిగాయి. మస్తానయ్య కళ్ళు మూసుకున్నాడు, తల దిండు మీదికి వాలింది.

దస్తగిరి మొహం వెలిగిపోయింది. "విన్నావా సిస్టరమ్మా? ఇది మా బావ పద్ధతే! ఊపిరిని చేతిలోకి తెచ్చుకున్నాడు. పవళింపులో అచ్చం ఇట్టనే దించుతాడు. చూడు, నిద్ర గూడా పడతా ఉండాది. వారమైంది ఆ కండ్లు మూతపడి."

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకూ ప్రాణం లేచొచ్చింది. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరు తొంభై నాలుగు చూపిస్తోంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే పరికరం అది. బాగున్నట్టే. అలవాటు కొద్దీ స్టెతస్కోపు తీసి ఆయన వీపుకు పెట్టాను. పైన ఎక్కడో సన్నటి ఈల. కిందికి జరిపాను. ఏమీ లేదు. రెండో పక్క పెట్టాను. అక్కడా ఏమీ లేదు. గోడకు చెవి ఆనించినట్టుంది.

దీన్ని మేం సైలెంట్ చెస్ట్ అంటాం. ఉబ్బసంలో మేం అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దీనికే. ఈల వేయాలన్నా గాలి కదలాలి కదా. గొట్టాలు పూర్తిగా మూసుకుపోతే, లాగి లాగి ఛాతీ కండరాలు చతికిలపడితే, గాలే కదలదు. అప్పుడు ఈల కూడా ఆగిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నెమ్మదించిందని ఊపిరి పీల్చుకుంటారు, పేషెంటు మాత్రం పీల్చుకోలేడు. ఆయన మెడ కింద గుంట ప్రతి దమ్ముకూ లోపలికి పోతోంది. నుదుటి మీద చెమట చల్లగా తగిలింది. అది నిద్ర కాదు.

నేను నోరు తెరిచేలోపే దస్తగిరి ముందున్న అద్దం మీద దబదబా కొట్టాడు. "శీనయ్యా, బండి ఆపు. తిప్పు. మా ఊరికి పోనీ."

శీనయ్య రోడ్డు పక్కన ఆపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు ఆపమన్నారు? పోనీ!" అని అరిచాను.

"పేషెంటు మనుషులు తిప్పమంటే నేనేం జేసేది సిస్టరూ? మీరు మీరు తేల్చుకోండి" అన్నాడు శీనయ్య.

"అన్నా, తగ్గలేదు. ముదిరింది. గాలి లోపలికి పోవడంలేదు" అన్నాను దస్తగిరితో.

"ఏంది ముదిరేది? ఆ మిషన్ చూడు, తొంభై నాలుగు ఉండాది."

"ముక్కుకు ఆక్సిజన్ ఉంది కాబట్టి ఆ అంకె కాసేపు అట్లా నిలబడుతుంది. దాన్ని నమ్మొద్దు."

"మిషన్నీ నమ్మొద్దు, నా చెవుల్నీ నమ్మొద్దు, నిన్ను నమ్మాల! ఆత్మకూరు పోతే లోపల పడుకోబెట్టి నాలుగు దినాలు వదలరు. తాతల నాటి నించీ ఒక్క ఏడు తప్పలా సిస్టరమ్మా మా సేవ. రేపు లేచినాక ఈ మనిషి నన్ను అడిగితే నేనేం జెప్పేది? ముప్పై ఏండ్లు ఈ ఊపిరి పక్కన కూసున్నా. అది నీకు తెలుసునా, నాకు తెలుసునా?"

ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. డాక్టరమ్మతో చెప్పించే దారి లేదు. దస్తగిరి మొండివాడేం కాదు. బావంటే ప్రాణం. పైగా ఆయన చెవులు నా చెవుల కంటే గట్టివి, ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. ఊపిరితిత్తుల పాఠం చెబితే ఎక్కదు. చెప్పడానికి సమయమూ లేదు. అప్పుడు ఎందుకో డేవిడ్ మాస్టరి హార్మోనియం గుర్తొచ్చింది.

"సరే అన్నా. నువ్వన్నట్టే ఆయనే తగ్గించాడనుకుందాం. పవళింపులో అంత కిందికి దించినాక, మళ్ళీ పైకి ఎత్తమంటే ఎత్తగలడా?"

"ఎందుకెత్తలేడు? దమ్ము దాచిపెట్టుకునే గదా దించేది. దమ్ము లేనోడు దించలేడు, జారిపోతాడు."

"అయితే ఎత్తమను. ఒక్క దమ్ము. అది ఎత్తితే నేనే బండి తిప్పిస్తాను."

దస్తగిరి నా మొహంలోకి చూశాడు. తర్వాత వంగి బావ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"బావా. ఒక్కసారి ఎత్తు బావా."

మస్తానయ్య కళ్ళు సగం తెరుచుకున్నాయి. ఆయన విన్నాడు. ప్రయత్నం కూడా చేశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో చూశాను గానీ ఆ ప్రయత్నం మాత్రం మరిచిపోలేను. మాస్కు కింద పెదవులు సన్నాయి పీకను పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి. భుజాలు పైకి లేచాయి. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. ఛాతీ కదల్లేదు. శబ్దం రాలేదు.

"ఇంకొక్కసారి బావా" అన్నాడు దస్తగిరి. ఆ గొంతులో ఇందాకటి ధీమా లేదు. మస్తానయ్య చెయ్యి స్ట్రెచర్ కమ్మీ మీద నుంచి జారిపోయింది.

"శీనయ్యా, పో! పోరా నాయనా, ఆత్మకూరు పో!" అని అరిచాడు దస్తగిరి.

బండి దూకింది. అంకె అప్పుడు పడటం మొదలుపెట్టింది. ఎనభైల్లోకి వచ్చేసరికి మస్తానయ్య పిలిస్తే పలకడంలేదు, దమ్ముకూ దమ్ముకూ మధ్య ఎడం పెరిగిపోతోంది. బ్యాగ్ మాస్క్ తీశాను. అది రబ్బరు బుడగలాంటి సంచి. మూతికి మాస్కు బిగించి సంచి నొక్కితే, మనిషి తీసుకోలేని ఊపిరిని మనమే లోపలికి పంపవచ్చు. ఉబ్బసంలో దీనికొక చిక్కుంది. గాలి లోపలికి పంపగలం గానీ, ఆ ఇరుకు గొట్టాల్లోంచి అది బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. తొందరపడి నొక్కితే గాలి లోపల పేరుకుపోయి గుండెనే నొక్కేస్తుంది. ఈ సంగతి నేను కొత్త నర్సులకు పాఠం చెప్పినదాన్నే. ఆ రోజు నా చేతులకు ఆ పాఠం వినబడలేదు. భయంతో టపటపా నొక్కేస్తున్నాయి.

"అన్నా! నాకు తాళం వెయ్యి. నిదానంగా వెయ్యాలి. నీ దెబ్బకు నేను నొక్కుతా. ఆ గాలి మొత్తం బయటికి వచ్చిందాకా ఇంకో దెబ్బ వెయ్యొద్దు."

దస్తగిరి తొడుగు వేసిన వేలితో స్ట్రెచర్ కమ్మీ మీద కొట్టాడు. నేను నొక్కాను. ఆయన రెండో చేయి బావ ఛాతీ మీద పెట్టి, అది కిందికి దిగేదాకా ఆగాడు. నా చేతులు తొందరపడబోతే, "ఉండు, ఇంకా దిగలా" అన్నాడు. దిగాక మళ్ళీ కొట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు. నేను యేసయ్యను పిలిచాను, ఆయన అల్లాను పిలిచాడు, ముందు సీట్లో శీనయ్య ఉన్న దేవుళ్ళందర్నీ పిలిచాడు. ఆ చిన్న బండిలో అంతమందికి చోటెట్లా దొరికిందో నాకు తెలియదు.

ఆత్మకూరు దగ్గరపడేసరికి సిగ్నల్ వచ్చి ఫోన్ మోగింది. తాళం ఆపకుండానే, "అమ్మా, ఆ ఫోను నా చెవి దగ్గర పెట్టు" అన్నాడు దస్తగిరి. గాలి బయటికి దిగే ఎడంలో, సంచి నొక్కే చేత్తో ఫోన్ పట్టాను. ధర్మకర్త, బయలుదేరారా అని అడుగుతున్నాడు.

"రాలేం సామీ. దేవుడు ఒక రాత్రి మేలుకోని ఉంటే ఏం గాదు. ఈడ మా బావ నిద్రపోకుండా ఉండాల."

ఆత్మకూరులో గేటు దగ్గరే డాక్టరు, నర్సులు స్ట్రెచర్‌తో నిలబడి ఉన్నారు. లోపలికి తీసుకుపోయి గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టారు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు. దస్తగిరి తొడుగులు ఒక్కొక్కటే తీసి జేబులో పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. రోడ్డు పక్కన నిలబడి పోగొట్టుకున్న సమయం ఎంత ఖరీదు చేస్తుందో ఇద్దరికీ తెలియదు.

పొద్దు వాలుతుండగా డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు. "సిస్టర్, వినండి" అని తన స్టెతస్కోపు ఇచ్చాడు. వీపుకు పెట్టాను. ఈల. ఒకటి కాదు, ఛాతీ అంతటా రకరకాల ఈలలు, కింది దాకా. నేను బయటికి పరుగెత్తి దస్తగిరిని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, ఆయన చెవులకు స్టెతస్కోపు తగిలించాను.

ఆయన మొహం పాలిపోయింది. "సిస్టరమ్మా, మళ్ళీ మొదలైందే!"

"మొదలైంది అన్నా. మీ బావ ఎత్తాడు."

అర్థం కావడానికి ఆయనకు ఒక క్షణం పట్టింది. తర్వాత ఆ స్టెతస్కోపు ఎంత అడిగినా ఇవ్వలేదు. వింటూ అక్కడే నిలబడి, బావ పాదం మీద వేలితో మెల్లగా తాళం వేస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాతి రోజుల్లో ఆ ఈలలు మళ్ళీ తగ్గాయి. ఈసారి అవి తగ్గేకొద్దీ మాటలు పెరిగాయి. ట్యూబు తీశాక మస్తానయ్య గొంతు బొంగురుగా, పూర్తి వాక్యంలో అడిగిన మొదటి ప్రశ్న, పవళింపు ఎవరు చేశారని. ఎవరూ చేయలేదని, పూజారి ఒక్కడే నోటితో జోల పాడి తలుపులు మూశాడని దస్తగిరి చెప్పాడు. అది విని మస్తానయ్య, "పంపు తెప్పిచ్చురా" అన్నాడు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఆయాసం తగ్గిందని ఎవరైనా సంబరంగా చెబితే నేను వెంటనే సంబరపడను. పేషెంటు ముందు నిలబడి, "ఏదీ, నీ పేరూ, ఊరూ, మీ ఆవిడ చేసే కూరల్లో ఏది బాగుండదో గట్టిగా చెప్పు" అంటాను. చెప్పగలిగితే తగ్గినట్టు. కొత్తగా వచ్చే నర్సులకు కూడా ఇదే చెబుతాను. నిశ్శబ్దం వినబడితే ముందు దగ్గరికి పోండి, ఆ తర్వాత సంతోషపడండి అని.

కొన్ని నెలలకు బావా బావమరుదులు ఉదయగిరి వచ్చారు. పరీక్ష చేసి డాక్టరమ్మ బాగుందన్నాక, మస్తానయ్య సంచిలోంచి సన్నాయి తీశాడు. పంపు పీల్చాక నోరు పుక్కిలిస్తే నాలుక మొద్దుబారదని తెలుసుకున్నాడట. వరండాలో బెంచీ మీద కూర్చుని, పేషెంట్ల మధ్యలో ఆ జోల మొదలుపెట్టాడు. దించుతూ పోయాడు. సూదికి ఏడుస్తున్న పిల్లలు ఊరుకున్నారు. ఇంకా దించాడు. అందరూ ఆయన వేళ్ళు చూస్తున్నారు, నేను మాత్రం ఆయన మెడ కింద గుంట చూస్తున్నాను. శబ్దం ఉందో లేదో తెలియని చోటికి వచ్చేసింది. నా చెయ్యి స్టెతస్కోపు మీదికి పోయింది.

అప్పుడు ఎత్తాడు. జోలలో ఎత్తకూడని చోట, నిండుగా, వీధి చివరి దాకా వినబడేట్టు ఎత్తాడు. పిల్లలు ఉలిక్కిపడి మళ్ళీ ఏడుపు అందుకున్నారు.

దస్తగిరి పకపకా నవ్వాడు. "భయపడినావా సిస్టరమ్మా?"

"భయపడ్డాను" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకొక్కసారి ఎత్తమను అన్నా."